కొట్టేసిన వాక్యం కోసం అరకు దాకా

ఉదయం ఆరూ యాభై రెండుకి, విశాఖపట్నం స్టేషన్‌లో రైలు ఇంకా కదలకముందే, ఎదుటి సీటావిడ ఉప్మా డబ్బా మూత తీసింది. ముందు భర్తకు పెట్టింది, తర్వాత తను తీసుకుంది, మూడో వంతు కాగితం మీద వేసి నా ఒళ్ళో పెట్టింది. నేను వద్దనలేదు. వద్దనే వ్యవధి ఆవిడ ఇవ్వలేదు.

"తిను బావూ. అరకు ఎల్లీసరికి పదకొండు దాటుద్ది. ఒక్కడివే వత్తన్నావేటి?"

"ఒక్కడినేనమ్మా."

"ఇంటావిడ రానేదా?"

"పెళ్ళి చేసుకోలేదు."

"మరి తోడెవులూ నేరా?"

"మా రూమ్మేట్ రావాల్సింది. రాలేకపోయాడు."

ఈ జవాబు నాకు పందొమ్మిదేళ్ళ అలవాటు. ఇంటి ఓనరుకు అదే చెప్పాను, గ్యాస్ ఆఫీసులో అదే చెప్పాను, ఆసుపత్రిలో 'రోగికి ఏమవుతారు' అన్న గడిలోనూ అదే రాశాను. సన్యాసిరావు పోయి పద్నాలుగు నెలలైంది. పోయిన మనిషిని రాలేకపోయాడనడం అబద్ధం కాదు కాబట్టి ఉప్మా ప్రశాంతంగా తిన్నాను. ఉల్లిపాయలు ఎక్కువ పడ్డాయి. బాగుంది.

సన్యాసిరావు లెక్కల మాస్టారు. ఉద్యోగంలో మొదటి ఆరేళ్ళు అరకు దగ్గర ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేశాడు. విశాఖపట్నం బదిలీ అయ్యాక నేను అద్దెకున్న ఇంట్లో రెండో గదిలో దిగాడు. ఏడాది తిరక్కముందే రెండో గదిని పుస్తకాలకు వదిలేశాం.

పేరు సన్యాసిరావు, రాసేది ప్రేమకథలు. ఇద్దరు మగవాళ్ళ ప్రేమకథలు. ఫోనులో చదివే ఒక కథల సైట్‌లో మారుపేరుతో వారానికొక భాగం పెట్టేవాడు. వాటిలో పారిపోవడాలు, పరువు హత్యలు, వానలో కౌగిలింతలు ఉండేవి కావు. ఒకడికి జ్వరమొస్తే ఇంకొకడు గంజి కాచేవాడు. ఒకడు తన తండ్రి గురించి మొదటిసారి చెబుతూ మధ్యలో ఆగిపోతే, ఇంకొకడు ఏమీ అడక్కుండా పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీసేవాడు. చదివినవాళ్ళు ఉత్తరాలు రాసేవారు. ఒక లారీ డ్రైవరు రాసింది నాకు గుర్తుంది: 'వాళ్ళు ముద్దు పెట్టుకున్న చోట కాదు సార్, ఒకడు అలిసిపోయానని చెప్పుకున్న చోట నాకు ఏడుపొచ్చింది.'

నేను వృత్తిరీత్యా ప్రూఫ్‌రీడర్ని. సన్యాసిరావు రాసిందంతా ముందు నా ఎర్ర పెన్సిల్ కిందికి వచ్చేది. ఇప్పుడు ఒక చిన్న ప్రచురణకర్త అతని నవల అచ్చు వేస్తానన్నాడు. దిద్దిన ప్రతి ఈ సోమవారానికల్లా కావాలన్నాడు. ఆ ప్రతిలో ఒక వాక్యం తేలక నేను గురువారం ఈ రైలెక్కాను.

సొరంగాలు

శివలింగపురం దాటాక కొండ మొదలవుతుంది. ఈ లైను మీద ఒక ఆచారం ఉంది. రైలు సొరంగంలోకి దూరగానే పెట్టె అంతా అరుస్తుంది. మొదట అరిచినవాడు ఏ మాటంటే మిగతావాళ్ళు అదే అందుకుంటారు. మొదటి సొరంగంలో ఎవరో "మామా" అన్నారు. డెబ్భై మంది మామను పిలిచారు. రెండో సొరంగంలో, అప్పటిదాకా నోరు విప్పని ఎదుటి సీటాయన, బక్కపలచని మనిషి, ఒళ్ళో టిఫిన్ డబ్బా పట్టుకుని ఉన్నట్టుండి "ఉప్మా" అని కేక పెట్టాడు. పెట్టె అంతా ఉప్మా అని మోగింది. వెలుతురు వచ్చేసరికి ఆవిడ ఆయన భుజం మీద కొడుతోంది.

"సచ్చినోడా. పరువు తీసీసినావు."

"బాగున్నాది కాబట్టే గదా అన్నాను," అన్నాడాయన. దారి మొత్తంలో ఆయన అన్న పూర్తి వాక్యం అదే.

"నువ్వూ అరువు బావూ," అంది ఆవిడ నాతో. "గొంతు దాసుకోని ఏటి సేత్తావు?"

నాకు అలవాటు లేదన్నాను. సన్యాసిరావు చెప్పేవాడు, ఈ లైనులో వెళ్ళినప్పుడల్లా ప్రతి సొరంగంలోనూ అరిచేవాడినని, మర్నాడు గొంతు పోయి బోర్డు మీద రాసి పాఠం చెప్పేవాడినని. అతిశయోక్తి అనుకునేవాణ్ణి. సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేను దగ్గర వదిలేశాను. అరిస్తే గొంతు పోవడానికి అవి సరిపోతాయి.

బొర్రా

బొర్రాలో దిగిపోయాను. గుహల గురించి చాలామంది రాశారు. లోపల చల్లగా ఉంటుంది, గబ్బిలాల వాసన వేస్తుంది. గైడు టార్చి వేసి ప్రతి రాయికీ ఒక పేరు చెబుతాడు. "ఇది మనిషి మెదడు సార్." నాకు రాయిలాగే కనిపించింది. సన్యాసిరావైతే ఆ మెదడుకు రెండు చెవులు కూడా చూపించేవాడు.

నాకు జరిగింది బయట జరిగింది. మెట్ల దగ్గర ఒక కోతి నా చేతిలోని ప్లాస్టిక్ కవరు లాక్కుపోయింది. అందులో ఉన్నది తిండి కాదు, నవల ప్రతి. కోతి రేకు కప్పు మీద కూర్చుని ఒక్కో కాగితం తీసి, వాసన చూసి, కిందికి వదిలేయడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళ వృత్తిలో ఇంత త్వరగా నిర్ణయాలు తీసుకునే ఎడిటర్ని చూడలేదు.

మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్న ఒకామె లేచి, కాలీకాలని పొత్తు ఒకటి కప్పు మీదికి విసిరింది. కోతి కవరు వదిలేసి పొత్తు పట్టుకుంది. అక్కడున్నవాళ్ళంతా కాగితాలు ఏరిపెట్టారు. ఎవరో కొత్తగా పెళ్ళైన జంట, ఒక పోలీసు, బొంగులో చికెన్ అమ్మే ఇద్దరు. అన్నీ దొరికాయి. పేజీల వరస మాత్రం పోయింది.

పొత్తులామె తన చేతికొచ్చిన కాగితం ఇవ్వకుండా చదువుతోంది. ముప్పై ఏళ్ళుంటాయి. పెదవులు కదుపుతూ, వేలు పెట్టి, నెమ్మదిగా చదివింది.

"'నాకు భయంగా ఉంది. చెయ్యి వదలకు, అన్నాడు శంకర్. రాజు వదలలేదు.'" తలెత్తి నన్ను చూసింది. "ఇద్దరూ మొగోల్లేనా సారూ?"

"అవునమ్మా."

"పేమా?"

"అవును."

ఆమె పొత్తు ఒకవైపు మాడుతుంటే తిప్పి పెట్టింది. "బాగున్నాది. మరి దీన్నెందుకు ఎర్రగీత పెట్టి కొట్టీసినారు? తప్పున్నాదా?"

తప్పు లేదన్నాను. ఎవరు కొట్టేశారో చెప్పలేదు. నేనూ ఒక పొత్తు కొని, కోతిది కూడా కలిపి డబ్బు ఇవ్వబోతే, కోతి తిన్న పొత్తుకు సొమ్మెలా తీసుకుంటానంది. నా పొత్తుకు ముప్పై తీసుకుంది.

కొట్టేసింది నేనే. ఆ వాక్యం పక్కన ఎర్ర పెన్సిల్‌తో రాశాను: 'మగవాళ్ళు ఇలా అడగరు. తీసేయాలి.' దాని కింద నీలం బాల్‌పెన్‌తో సన్యాసిరావు జవాబు: 'అరకులో అడుగుతారు. రా, విందువుగాని.' మేము అరకు వెళ్ళలేదు. ముందు అతనికి పరీక్ష పేపర్లు, తర్వాత నాకు పుస్తక ప్రదర్శన పనులు, తర్వాత ఆసుపత్రి. వినకుండా ఉంచితే నా వృత్తికి ద్రోహం, వినకుండా తీసేస్తే అతనికి అన్యాయం. అందుకని వినడానికి వచ్చాను. ఎవరి దగ్గర వినాలో, ఎలా వినాలో నాకేమీ తెలియదు. మగవాళ్ళు భయపడేదాకా పక్కన కూర్చోవడం తప్ప దారి లేదనుకున్నాను.

సుంకరమెట్ట మీదుగా

షేర్ జీపులో పదమూడు మందిమి. సుంకరమెట్ట దగ్గర ఆగాం. కాఫీ కాయలు కోతకొచ్చాయి. మిరియాల తీగలు పాకిన పెద్ద చెట్ల నీడలో కాఫీ మొక్కలు, వాటి మధ్య బుట్టలతో ఆడవాళ్ళు. కాయ ఎర్రగా ఉంటుంది. పక్కనున్న ముసలాయన ఒకటి తెంపి ఇచ్చి నోట్లో వేసుకోమన్నాడు. పైతోలు తియ్యగా ఉంది, కాఫీ రుచి లేదు. "కాపీ వాసన వేపితేనే వత్తాది. పచ్చిదానికేటి తెలుసు," అన్నాడు. అక్కడి కొట్లో కప్పు కాఫీ ముప్పై రూపాయలు. మా వీధి చివర ఇరవై. తేడా ఉంది, పది రూపాయలకంటే ఎక్కువే.

రోడ్డు పక్క పొలాల్లో వలిసెలు పూశాయి. పసుపు. ఆ పూల గురించి ఇంతకంటే రాయను, ఫొటోలు చాలా ఉన్నాయి.

లాడ్జి గదిలో గోడ మీద 'వేడి నిళ్ళు ఉదయం 6 నుండి 8 వరుకు' అని రాసి ఉంది. రెండు తప్పులు. పెన్సిల్ జేబులోనే ఉంచుకోవడానికి కష్టపడ్డాను. ఉదయం ఆరుకు వేడి 'నిళ్ళు' రాలేదు. లాడ్జి నడిపే పెద్దావిడ బకెట్లో వేడినీళ్ళు తెచ్చి పెట్టింది. "గీజరు మంచిదే బాబూ, కరెంటే మంచిది కాదు," అంది.

సంత

అరకు సంత శుక్రవారం. అల్లం, చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల కట్టలు, రాజ్‌మా గింజలు, సామలు, చోళ్ళు. మా వైపు రాగులనే వాటిని ఇక్కడ చోళ్ళంటారు. తూకం తక్కువ, కొలతే ఎక్కువ. సోల నిండాక పైన ఒక పిడికెడు వేస్తారు. మా రైతుబజారులో కొసరు అడిగి, పోట్లాడి తెచ్చుకోవాలి. ఇక్కడ అడక్కముందే పడుతుంది. నాకు పోట్లాట సిద్ధం చేసుకుని వెళ్ళే అలవాటు కాబట్టి, చేతులతో ఏం చేయాలో తెలియలేదు.

రాజ్‌మా గుట్ట వెనక ఒక పెద్దాయన కూర్చోకుండా నిలబడి ఉన్నాడు. డెబ్భై దాటి ఉంటాయి. మెడ చాచి జనంలోకి చూస్తున్నాడు. నేను ధర అడిగితే వినిపించుకోలేదు.

"బావూ, నీకు గొంతున్నాదా?" అన్నాడు.

ఉందన్నాను.

"అయితే ఓ కేక పెట్టు. మా నేస్తం గొడుగు కొంతానని ఎల్పోనాడు. జీపు ఎలిపోద్ది. అలగ జనంలోకి తిరిగి గట్టిగా పిలు."

"పేరేంటి?"

ఆయన జవాబు చెప్పకుండా పక్కన అల్లం అమ్ముతున్న ఆడమనిషి వైపు చూశాడు. ఆమె అప్పటికే నవ్వుతోంది.

"సెప్పమ్మా ఆడి పేరు," అన్నాడు.

"నానెందుకు సెప్తాను? నువ్వే సెప్పు మామా. కోడి తిందుమి."

సంగతి ఆమే విప్పి చెప్పింది. ఇక్కడ ఇద్దరు మగపిల్లలకు ఇళ్ళవాళ్ళు నేస్తం కడతారు. రెండిళ్ళవాళ్ళూ బియ్యం, బట్టలు మార్చుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. నేస్తం అనే పిలవాలి. ఒకరింటి చావూ పెళ్ళీ రెండో ఇంటివి కూడా. నోరు జారి పేరు అంటే ఆ ఊళ్ళో తప్పుకు ఒక కోడి కొయ్యాలి. ఈయన పేరు బుద్రు. నేస్తం కట్టింది తొమ్మిదో ఏట. అరవై ఏళ్ళకు పైగా కోడి బాకీ పడలేదు. ఊరంతా ఆ కోడి కోసం కాచుకుని ఉంది.

"నేస్తం అని పిలిస్తే సరిపోదా?" అన్నాను.

"అలగే పిల్సినాను ఇందాక," అన్నాడు బుద్రు. "సంతలో సగంమంది తిరిగి సూసినారు. అందరికీ నేస్తాలున్నారు."

అల్లం ఆమెకు జాలేసింది. "గాసి అని పిలు సారూ. నా గొంతు పొద్దున్నించి అరిసి అరిసి పోనాది."

నేను రెండడుగులు ముందుకు వేసి, "గాసి గారూ," అన్నాను.

చుట్టూ ఉన్న నాలుగు గుట్టలవాళ్ళూ పడీ పడీ నవ్వారు. "గారేటి బావూ, ఆడేటి తాసీల్దారా?" అన్నాడు బుద్రు. "కడుపులోంచి పిలు. నీవోడు తప్పిపోతే ఎలగ పిలుత్తావు, అలగ పిలు."

నేను జీవితంలో ఎవరినీ గట్టిగా పేరు పెట్టి పిలవలేదు. సన్యాసిరావును బయట మాస్టారూ అనేవాణ్ణి, ఇంట్లో పేరు పెట్టి పిలిచినా గోడ అవతలికి వినబడకుండా పిలిచేవాణ్ణి. ఊపిరి తీసుకుని అరిచాను. గొంతు నాది కాదన్నట్టుగా వచ్చింది. గాసీ, గాసీ, గాసీ. మూడోసారికి నాకు బాగుందనిపించి, అవసరం లేకపోయినా నాలుగోసారి కూడా అరిచాను.

జనంలోంచి ఒక పొట్టి ముసలాయన, చంకలో కొత్త గొడుగు పెట్టుకుని, ఒక కాలు కొంచెం ఈడుస్తూ వచ్చాడు. "ఎవులు, ఎవులు పిల్సినారు? ఈడు నోరు జారీసినాడా?" అని ఆశగా అడిగాడు. కాదని తెలిసి ఆయన కూడా కోడి కోసం కాసేపు విచారించాడు. గొడుగు బుద్రుకే కొన్నాడు. రెండొందల ఇరవై.

"పేరు పిలిసినోడికి బువ్వ పెట్టాల," అన్నాడు గాసి. అలాంటి ఆచారమేదీ లేదని బుద్రు అన్నాడు. ఇప్పటినుంచి ఉందని గాసి అన్నాడు. నన్ను జీపెక్కించారు.

గెడ్డ

జీపు దిగాక వాళ్ళ ఊరికి ఒక గెడ్డ దాటాలి. గెడ్డంటే వాగు. వర్షాలు ఆగి నెల దాటినా మోకాటి లోతు నీళ్ళు పారుతున్నాయి. రాళ్ళు నాచు పట్టి ఉన్నాయి. దారంతా వాళ్ళిద్దరూ గొడుగు గురించి పోట్లాడుకుంటున్నారు, వానలు పోయాక ఎవడైనా గొడుగు కొంటాడా అని ఒకరు, ఎండకు పనికిరాదా అని ఒకరు.

గెడ్డ అంచుకు వచ్చేసరికి పోట్లాట ఆగింది. గాసి నిలబడిపోయాడు. ఆయన కాలు విరిగింది ఇక్కడేనని తర్వాత తెలిసింది, మూడేళ్ళ కిందట. చెప్పులు తీసి చంకలో పెట్టుకుని నీళ్ళను చూశాడు. బుద్రును చూశాడు.

"బయమేత్తంది నేస్తం. సెయ్యి ఒదలకు," అన్నాడు.

అంతే. గొంతు తగ్గించలేదు. నేను అక్కడే ఉన్నానని చూసుకోలేదు. ఇంతకుముందు గొడుగు ధర ఏ గొంతుతో చెప్పాడో అదే గొంతు.

"ఒదిలితే నీ పెల్లాం నన్ను బతకనిత్తాదేటి?" అన్నాడు బుద్రు. చెయ్యి పట్టుకున్నాడు. మోచేతి పైన కాదు, వేళ్ళలో వేళ్ళు వేసి. ఒక అడుగు నీళ్ళలో పెట్టి నా వైపు తిరిగాడు. "నువ్వేటి అలగ నిలబడిపోనావు? నీకూ బయమా?"

నాకు నీళ్ళంటే భయం లేదు. అయినా అవునన్నాను. ఆయన రెండో చెయ్యి చాచాడు. నేను పట్టుకున్నాను. గరుకుగా, వెచ్చగా ఉంది, సంతలోని అల్లం వాసన ఇంకా వేస్తోంది. ముగ్గురం వరసగా దాటాం. మధ్యలో నా చెప్పు ఒకటి కొట్టుకుపోయింది. గాసి, భయం మర్చిపోయి, నవ్వడం మొదలుపెట్టాడు.

అవతలి గట్టు మీద పాదాలు ఆరబెట్టుకుంటూ కూర్చున్నాం.

"నీకు నేస్తం ఉన్నాడా?" అడిగాడు గాసి.

"ఉండేవాడు. పోయాడు, పద్నాలుగు నెలలైంది. పందొమ్మిదేళ్ళు ఒకే ఇంట్లో ఉన్నాం." ఆగి, ఇంకొంచెం చెప్పాను. "మాకు పెళ్ళాలు లేరు. నాకు అతనే, అతనికి నేనే."

వాళ్ళది మాలాంటి బంధమని నేను అనడం లేదు. ఇద్దరికీ భార్యలు, మనవలు. వాళ్ళకు నేను చెప్పింది ఎంత అర్థమైందో కూడా తెలియదు. బుద్రు "అలగా," అన్నాడు. గాసి తల ఊపాడు. వాళ్ళు లేచి దూరంగా కూర్చోలేదు. ఆ ధైర్యంతో మిగతాది కూడా చెప్పాను.

ఆసుపత్రిలో, వార్డు నుంచి ఐసీయూ గదికి మార్చే ముందు, సన్యాసిరావు నా వైపు చెయ్యి చాచాడు. మాట్లాడలేకపోతున్నాడు. మంచం పక్కన నర్సు ఉంది. నేను ఆ చెయ్యి పట్టుకోలేదు. దాన్ని దుప్పటి కిందికి సర్ది, దుప్పటి అంచు సరిచేశాను. తర్వాత గది తలుపు దగ్గర, బంధువులకే ప్రవేశం అన్నారు. నేను రాసింది రూమ్మేటని కదా. బయట కూర్చున్నాను.

"మరి ఎందుకు పట్టుకోనేదు?" అన్నాడు బుద్రు.

"నర్సు ఉంది."

"ఉంటే? నర్సమ్మకేటి నొప్పి?"

గాసి నా మోకాలి మీద తట్టి, "ఈడికి ఆకలేత్తంది, అందుకే ఏడుత్తన్నాడు," అన్నాడు. ఏడుస్తున్నానని నాకు అప్పుడే తెలిసింది. ఆకలి కూడా నిజమే.

గాసి ఇంట్లో సామల అన్నం, రాజ్‌మా కూర, ఎండుచేపల పులుసు. ముందుగా చోడంబలి, సొరకాయ బుర్రలో. తర్వాత జీలుగు కల్లు, ఆకు దోనెలో. తియ్యగా ఉందని రెండు దోనెలు తాగాను. రెండోది తాగాక, గోడ మీద సున్నంతో రాసిన ప్రభుత్వ పథకం పేరులో దీర్ఘం లేదని అందరికీ చెప్పానట. గాసి భార్య, నవ్వు ముఖం మనిషి, ఒక బొగ్గు ముక్క తెచ్చి ఇచ్చింది. దిద్దాను. ఆ దీర్ఘం ఇప్పుడు నల్లగా అక్కడే ఉంది.

పొద్దు గుంకకముందే బుద్రు కొడుకు నన్ను గెడ్డ దాటించి, అవతల పెట్టిన బండి మీద లాడ్జి దగ్గర దింపాడు. కాళ్ళకు గాసి పాత చెప్పులు, ఒక సైజు తక్కువ.

తిరుగు రైలు

శనివారం రైల్లో కాగితాలు వరస పెట్టాను. కోతి కలిపేసిన పేజీలు సర్దడానికి సిమిలిగూడ దాటింది. ఆ వాక్యం ఉన్న పేజీ దొరికింది. మీద మసి వేలిముద్ర, పొత్తులామెది.

మా పనిలో, కొట్టేసినదాన్ని తిరిగి ఉంచాలంటే దాని కింద చుక్కలు పెట్టి, అంచున 'ఉంచాలి' అని రాస్తారు. ముప్పై ఏళ్ళలో ఆ చుక్కలు నేను పెట్టింది తక్కువ. తప్పు దిద్దడానికి జీతమిస్తారు, తప్పు ఒప్పుకోవడానికి కాదు. 'నాకు భయంగా ఉంది. చెయ్యి వదలకు' కింద ఒక్కో చుక్క పెట్టాను. రైలు ఊగడం వల్ల చుక్కలు వంకరపోయాయి. నా ఎర్ర వాక్యం పక్కన, అతని నీలం అక్షరాల కింద, 'విన్నాను' అని రాశాను. 'ఉంచాలి' అని కూడా రాశాను.

అప్పుడు సొరంగం వచ్చింది. ఆ క్షణాన పెట్టెలో అందరూ తింటున్నారేమో, ఎవరూ మొదలుపెట్టలేదు. చీకట్లో చక్రాల చప్పుడొక్కటే ఉంది. నేను సంతలో నేర్చుకున్నట్టే, కడుపులోంచి, "సన్యాసిరావ్" అని అరిచాను.

ఒక్క క్షణం ఆగి పెట్టె అంతా అందుకుంది. ఆడవాళ్ళు, కాలేజీ కుర్రాళ్ళు, చీపురు కట్టలవాళ్ళు, ఎవరో పూనకం వచ్చినట్టు రేకు కూడా వాయించారు. సన్యాసిరావ్, సన్యాసిరావ్. వెలుతురు వచ్చింది. తర్వాతి సొరంగంలో నేను మొదలుపెట్టనక్కర్లేకపోయింది. నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. బొర్రా వచ్చేసరికి పక్క పెట్టెలో కూడా అదే పేరు వినిపిస్తోంది. ఆ మనిషి ఉండి ఉంటే, సీట్లో నిటారుగా కూర్చుని, అందరికంటే గట్టిగా తన పేరు తనే అరిచేవాడు.

బొర్రాలో ఎక్కిన పెద్దాయన ఒకరు నా పక్కన సర్దుకు కూర్చుని, రెండు సొరంగాలు విని, అడిగాడు.

"ఎవులు బావూ ఈ సన్యాసిరావు? దేవుడా, లీడరా?"

"నా మనిషి," అన్నాను.

"అలగా," అని ఆయన కాసిన్ని వేరుశనక్కాయలు నా చేతిలో పోశాడు. మూడో సొరంగంలో ఆయన కూడా అరిచాడు.

సోమవారం ఉదయం ప్రతి పంపాను. సాయంత్రం సన్యాసిరావు పేరున ఉన్న గ్యాస్ కనెక్షన్ నా పేరు మీదికి మార్చుకోవడానికి ఆఫీసుకు వెళ్తే, కౌంటర్లో అమ్మాయి ఆయన మీకేమవుతారని అడిగింది. రూమ్మేట్ అనే మాట నేనిప్పుడు వాడటం లేదు.